కొత్తరెడ్డిపాలెం నుంచి యెరూషలేం

హైదరాబాద్ కిషన్‌బాగ్‌లో నమాజుకు నిలబడేవాళ్లు చూడాల్సిన దిక్కు కచ్చితంగా పడమర కాదు. మక్కా మనకు పడమర నుంచి ఉత్తరానికి పదమూడు డిగ్రీలు జరిగి ఉంటుంది. అక్కడే నిలబడి ఇంకో పదహారు డిగ్రీలు కుడికి తిరిగితే ఎదురుగా ఉండేది యెరూషలేం. దూరం సుమారు 4,600 కిలోమీటర్లు. మీరాలం చెరువు చుట్టుపక్కల బస్తీల్లో ఆ ఊరిని బైతుల్ ముఖద్దస్ అంటారు. మహమ్మద్ ప్రవక్త మదీనాకు చేరాక కూడా దాదాపు ఏడాదిన్నర పాటు ముస్లింలు ఆ ఊరి వైపే తిరిగి నమాజు చేశారు. క్రీ.శ. 624లో దిక్కు మక్కాకు మారింది. యెరూషలేంలోని అల్ అఖ్సా మసీదు మరమ్మతులకు మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ విరాళం పంపారు. అంటే పాతబస్తీకి యెరూషలేం కొత్త పేరేమీ కాదు.

అయితే ఆ దిక్కుకు తిరిగి ప్రార్థించే ఆచారం అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచి యూదులది. ఆ ఆచారాన్ని పట్టుకున్న తెలుగువాళ్లు కూడా ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలును ఆనుకుని ఉన్న కొత్తరెడ్డిపాలెంలో నలభై కుటుంబాల వరకూ, మచిలీపట్నంలో మరికొందరూ తమను బెనె ఎఫ్రాయిమ్ అని, అంటే ఎఫ్రాయిము సంతతివారని చెప్పుకుంటారు. మాదిగవాడ నుంచి వచ్చినవాళ్లు. ఎక్కువమందికి పొలం పనే బతుకుతెరువు. తాతముత్తాతల కాలంలో బాప్టిస్టు సంఘంలో చేరారు. క్రైస్తవ బోధకుడిగా ఉన్న షమూయేల్ యాకోబి 1980ల్లో యెరూషలేం చూసి వచ్చాక, తమ పూర్వీకులు యూదులేనన్న మాటను గట్టిగా ముందుకు తెచ్చారు. 1990ల మొదట్లో ఆయన, తమ్ముడు సాదోక్ యాకోబి కొత్తరెడ్డిపాలెంలో యూదుల ప్రార్థనాలయం, అంటే సమాజమందిరం నెలకొల్పారు. యూలియా యెగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీళ్ల మీద రాసిన పుస్తకాన్ని ఆక్స్‌ఫర్డ్ సంస్థ 2013లో అచ్చు వేసింది. తెలుగులో మాత్రం వీళ్ల గురించి వచ్చింది చాలా తక్కువ. వచ్చినదాంట్లోనూ ఎక్కువ భాగం ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది: వీళ్లు నిజమైన యూదులేనా?

ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెడదాం. యూదుల ధర్మశాస్త్రంలో, ప్రార్థనలో, గ్రంథ వ్యాఖ్యానంలో యెరూషలేం అంటే ఏమిటో తెలుసుకుంటే, గుంటూరు జిల్లాలో ఒక వ్యవసాయ కూలీ కుటుంబం ఆ ఊరి పేరును ఎందుకు గుండెకు హత్తుకుందో దానంతట అదే అర్థమవుతుంది. టీవీలో కనిపించే జెరూసలేం తుపాకులది, కంచెలది, రాజకీయాలది. శాస్త్రంలో ఉన్న యెరూషలేం వేరు. నేను రాస్తున్నది దాని గురించి.

సొలొమోను రాజు యెరూషలేంలో గుడి కట్టి ప్రతిష్ఠించిన రోజు చేసిన ప్రార్థనలో ఒక ముందుచూపు ఉంది. రేపు నీ ప్రజలు శత్రువుల చేతికి చిక్కి దూరదేశంలో ఉంటే, అక్కడినుంచే ఈ ఊరి వైపు తిరిగి మొరపెట్టుకుంటే ఆలకించమని ఆయన దేవుణ్ని వేడుకుంటాడు. బబులోనులో బందీగా ఉన్న దానియేలు మేడగదిలో యెరూషలేం వైపు కిటికీలు తెరిచి రోజుకు మూడుసార్లు మోకరించింది ఆ మాటను పట్టుకునే. తర్వాతి కాలంలో రబ్బీలు, అంటే యూదు ధర్మపండితులు, దీన్నొక క్రమంలో పెట్టారు. విదేశంలో ఉన్నవాడు ఇశ్రాయేలు దేశం వైపు తిరగాలి. దేశంలో ఉన్నవాడు యెరూషలేం వైపు, ఊళ్లో ఉన్నవాడు గుడి వైపు, గుడిలో ఉన్నవాడు గర్భాలయం వైపు. అలా లోకంలోని ఇశ్రాయేలీయుల మనసులన్నీ ఒకే చోటికి చేరతాయన్నది రబ్బీల చర్చల సంకలనమైన తల్మూదు మాట.

స్పెయిన్‌లో పుట్టిన మహాకవి యెహూదా హలేవీకి ఆ ఊరు తూర్పున ఉంది. మనకు పడమరన ఉంది. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సమాజమందిరంలో తోరా చుట్టలుంచే మందసం పడమటి గోడకు ఉండటానికి కారణం అదే. మరి అటు తిరగడం కుదరకపోతే? తల్మూదుకు మూలమైన ధర్మసూత్రాల సంకలనం మిష్నా దీనికీ దారి చూపించింది. గాడిద మీద వెళుతున్నవాడు దిగి ప్రార్థించాలి. దిగలేకపోతే ముఖం తిప్పాలి. అదీ కుదరకపోతే మనసు తిప్పితే చాలు. పడవలోనో తెప్ప మీదో ఉన్నవాడికీ అంతే. షేషెత్ అనే రబ్బీకి చూపు లేదు. దేవుడు అన్ని దిక్కులా ఉన్నాడని, తూర్పుకు తప్ప ఎటు నిలబెట్టినా ఫరవాలేదని తన సేవకుడికి చెప్పాడట. నియమం ఎంత గట్టిగా ఉందో, చేతకానివాడి మీద దయ కూడా అంతే గట్టిగా ఉంది. ఈ రెండూ కలిసి నడవడమే యూదు ధర్మశాస్త్రంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న విషయం.

రోజూ మూడుసార్లు నిలబడి చేసే ప్రార్థనలో యెరూషలేంను మళ్లీ కట్టమని అడిగే దీవెన ఒకటి ఉంది. భోజనం తర్వాత చెప్పే కృతజ్ఞతా ప్రార్థనలో మూడో దీవెన కూడా ఆ ఊరి కోసమే. ఇక్కడ మన డెల్టా వాళ్లకు ఒక చిక్కు ఉంది. ఆ నిడుపాటి ప్రార్థన రొట్టె తిన్నాకే చెప్పాలి. గోధుమ, యవలు లాంటి అయిదు ధాన్యాల రొట్టెకే ఆ హోదా. వరి అందులో లేదు. అన్నం తిన్నవాడు చెప్పే దీవెన చిన్నది, అందులో యెరూషలేం ఊసు రాదు. కృష్ణా కాలువల కింద వరి నాటి, వరి కోసి, అన్నమే తిని బతికే మనిషి నోట ఆ దీవెన రావాలంటే విస్తట్లో రొట్టె ఉండాలి. విశ్రాంతిదినపు భోజనాలు రొట్టెతోనే మొదలవుతాయి కాబట్టి శుక్రవారం పొద్దుగూకాక, శనివారం నాడు ఆ లోటు తీరుతుంది.

క్రీ.శ. 70లో రోమన్లు గుడిని కూల్చేశారు. ఆ దుఃఖంలో కొందరు మాంసం, ద్రాక్షరసం మానేశారని తల్మూదు చెబుతుంది. బలిపీఠం మీద మాంసం అర్పించేవాళ్లం, ద్రాక్షరసం పోసేవాళ్లం, ఇప్పుడు అవి లేవు, మనమెలా ముట్టుకుంటాం అన్నారట. యెహోషువ అనే రబ్బీ వాళ్ల దగ్గరికి వెళ్లి, అలాగైతే రొట్టె కూడా మానాలి కదా, పిండి నైవేద్యం ఆగిపోయింది కదా అన్నాడు. పండ్లతో బతుకుతామన్నారు. ప్రథమఫలాల అర్పణ కూడా ఆగిపోయింది కదా అన్నాడు. వేరే పండ్లు తింటామన్నారు. నీళ్ల అర్పణ మాటేమిటన్నాడు. వాళ్ల దగ్గర జవాబు లేదు. అప్పుడు ఆయన నచ్చజెప్పాడు: అసలు దుఃఖించకుండా ఉండలేం, మోయలేనంతగా దుఃఖించనూ కూడదు. అందుకని ఇల్లు కట్టుకుని గోడలకు గచ్చు చేసుకోండి, కొంచెం మాత్రం వదిలేయండి. విందు వండుకోండి, ఒక వంటకం తగ్గించండి. ఆడవాళ్లు నగలు పెట్టుకోవచ్చు, ఒక నగ తీసి పక్కన పెట్టాలి.

ఆ వదిలేసే జాగాకు కొలత కూడా ఉంది. మూర పొడవు, మూర వెడల్పు. గుమ్మంలోంచి అడుగు పెట్టగానే కంటికి ఎదురుగా ఉండాలి. ఇల్లంతా సున్నం కొట్టి నున్నగా మెరుస్తుంటే ఆ మూర జాగాలో మాత్రం ఇటుకో మట్టో బయటికి కనిపిస్తుంది. చుట్టాలొచ్చి మేస్త్రీ పని మధ్యలో వదిలేశాడేమిటని అడిగితే యెరూషలేం కథ చెప్పాలి. పదహారో శతాబ్దంలో యోసేఫ్ కారో కూర్చిన ధర్మసంహిత షుల్హాన్ ఆరూఖ్‌లోనూ ఈ నియమం ఉంది. పెళ్లిలో గాజు గ్లాసు పగలగొట్టడం, పస్కా పండుగ భోజనం చివర్లో వచ్చే ఏడు యెరూషలేంలో కలుద్దామని చెప్పుకోవడం, ఆబ్ నెల తొమ్మిదో రోజున ఉపవాసం ఉండి నేల మీద కూర్చోవడం, అన్నీ ఈ కోవలోవే. ఒక ఊరిని గుర్తు పెట్టుకోవడానికి ఇంతకంటే పకడ్బందీ ఏర్పాటు నేనెక్కడా చూడలేదు. అందులోని ఏ పనికీ పాస్‌పోర్టు అక్కర్లేదు, టికెట్ డబ్బులు అక్కర్లేదు. పేదవాడు కూడా తన ఇంట్లో చేసుకోగలిగినవే అన్నీ.

ఇక ఎఫ్రాయిము సంగతి. తెలుగు బైబిలు చదివేవాళ్లకు ఈ కథ తెలిసిందే, కానీ కొత్తరెడ్డిపాలెం గుర్తు పెట్టుకుని చదివితే దాని బరువు వేరుగా ఉంటుంది. సొలొమోను చనిపోయాక రాజ్యం రెండుగా చీలింది. దక్షిణాన యూదా, యెరూషలేం దాని రాజధాని. ఉత్తరాన పది గోత్రాలు, ఎఫ్రాయిము వాటిలో ఒకటి. వాటిని ఏలిన మొదటి రాజు యరొబాము ఎఫ్రాయిమీయుడే. తన జనం పండుగలకు యెరూషలేం వెళుతుంటే వాళ్ల మనసులు అటే మళ్లుతాయని భయపడి బేతేలులో ఒకటి, దానులో ఒకటి బంగారు దూడలను నిలబెట్టాడు. అంత దూరం ఎందుకు, ఇక్కడే మొక్కుకోండి అన్నాడు. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు సైన్యం షోమ్రోనును పట్టుకుని ఆ జనాన్ని చెదరగొట్టింది. కాబట్టి ఎఫ్రాయిము పేరు పెట్టుకోవడమంటే, యెరూషలేం దారి మూసేసిన రాజు గోత్రాన్ని నెత్తికెత్తుకోవడం. అలాంటి పేరు పెట్టుకున్నవాళ్లు ఇవాళ ఆ ఊరి వైపే తిరిగి ప్రార్థించడం చిన్న విషయమేమీ కాదు.

ఆ దారి మళ్లీ తెరుచుకున్న ఘట్టం కూడా బైబిల్లోనే ఉంది. దినవృత్తాంతాల రెండో గ్రంథం, ముప్పయ్యో అధ్యాయం. యూదా రాజు హిజ్కియా పస్కాకు యెరూషలేం రమ్మని ఉత్తరాది గోత్రాల దాకా కబురు పంపుతాడు. ఎఫ్రాయిము, మనష్షే ప్రాంతాల్లో ఆ వార్తాహరులను చూసి జనం నవ్వి వెక్కిరిస్తారు. అయినా కొందరు తల వంచుకుని బయల్దేరి వస్తారు. వచ్చినవాళ్లలో చాలామంది శుద్ధి చేసుకోలేదు. శాస్త్రం చెప్పినట్టు కాకుండా అలాగే పస్కా తినేస్తారు. ఆలయ శుద్ధి నియమాలు తెలిసినవాళ్లకు అదెంత పెద్ద తప్పో తెలుసు. రాజు వాళ్లను గెంటించలేదు. మనసు పెట్టి దేవుణ్ని వెదుకుతూ వచ్చారు, శుద్ధి కాకపోయినా క్షమించమని వాళ్ల తరఫున తానే ప్రార్థించాడు. దేవుడు విన్నాడని రాసి ఉంది. బెనె ఎఫ్రాయిమ్ గురించి తీర్పు చెప్పడానికి తొందరపడేవాళ్లు ముందు ఈ అధ్యాయం చదవాలని నా మనవి.

చెదిరిపోయిన పది గోత్రాలు తిరిగి వస్తాయా అన్నదానిపై మిష్నాలో ఇద్దరు మహా పండితులు తలపడ్డారు. వెళ్లిపోయిన రోజు తిరిగి రానట్టే వాళ్లూ రారన్నాడు అకీవా. రోజు చీకటి పడి మళ్లీ తెల్లారినట్టే వాళ్లకూ తెల్లవారుతుందన్నాడు ఎలీయెజెర్. యెహెజ్కేలు ప్రవక్త అయితే రెండు కర్రలు తీసుకుని, ఒకదాని మీద యూదా పేరు, రెండోదాని మీద ఎఫ్రాయిము చేతిలోని యోసేపు పేరు రాసి, రెంటినీ తన చేతిలో ఒకటిగా పట్టుకుని చూపించాడు. షమూయేల్ యాకోబి చేసింది కూడా ఒక రకంగా ఈ వ్యాఖ్యాన సంప్రదాయంలోని పనే. హీబ్రూ బైబిలుకూ తెలుగు నేలకూ చుట్టరికం కలుపుతూ 2002లో ఇంగ్లీషులో పుస్తకం రాశారు. తమ పూర్వీకులు పర్షియా మీదుగా ఉత్తర భారతానికి, అక్కడి నుంచి దక్షిణాదికి వచ్చారన్నది ఆయన వాదం. దీనికి చరిత్రకారులు ఒప్పుకునే ఆధారం లేదు. ఆ మాట దాచక్కర్లేదు. అయితే గ్రంథాన్ని తన వాడ బతుకుతో కలిపి చదివే హక్కు ఆయనకు లేదనలేం. ఎక్కడ చెదిరినా యూదులు ఇన్ని శతాబ్దాలుగా చేసింది అదే.

ఆ చదువులో నన్ను కదిలించిన చోటు తోలు. పాత యెరూషలేం పూర్తిగా ఏ గోత్రానికీ పంచి ఇవ్వని ఊరు, అందరి ఊరు అని తల్మూదులో ఒక అభిప్రాయం ఉంది. అందుకే యాత్రికుల దగ్గర ఇంటివాళ్లు అద్దె తీసుకోకూడదు. మరి ఊరికే ఉండి వెళ్లిపోవడమేనా? యాత్రికుడు తాను బలిచ్చిన జంతువు చర్మాన్ని ఇంటివాళ్లకు ఇచ్చి వెళ్లేవాడు. అలా ఇవ్వడం మర్యాద అని అబయే అనే పండితుడు చెప్పాడు. తోరా గ్రంథాన్ని రాసేది చర్మం మీద. ప్రార్థనవేళ నుదుటికీ చేతికీ కట్టుకునే తెఫిల్లిన్ పెట్టెలూ పట్టీలూ చర్మంవే. ద్వారబంధానికి బిగించే మెజూజాలోని రాత కూడా చర్మం మీదే. మన ఊళ్లలో తోలు ముట్టుకున్న చేతిని ఊరి చివరికి నెట్టారు. చెప్పులు కుట్టినవాడిని, డప్పు మూసినవాడిని గుడి మెట్లెక్కనివ్వలేదు. అదే తోలు అత్యంత పవిత్రమైన చోట ఉన్న ఒక ధర్మం ఉందని తెలిసిన రోజున ఆ వాడలో కలిగిన ఆనందాన్ని వంశవృక్షం లెక్కలతో కొలవడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

యెరూషలేం గుడికి సాగే ప్రథమఫలాల ఊరేగింపు సంగతి కూడా చెప్పాలి. మిష్నాలో అంత అందమైన చోటు ఇంకొకటి ఉందని నేననుకోను. రైతు తన తోటలో మొదట కాసిన అంజూరపు పండునో ద్రాక్ష గుత్తినో దానిమ్మనో చూసి దానికి గరికపోచ లాంటి నార కడతాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా ఒక చోట చేరి, ఎవరి ఇంట్లోకీ వెళ్లకుండా రాత్రి వీధిలోనే పడుకుంటారు. తెల్లారాక బయల్దేరతారు. దగ్గరివాళ్లు పచ్చి పండ్లు, దూరంవాళ్లు ఎండు పండ్లు. ముందు ఒక ఎద్దు నడుస్తుంది, కొమ్ములకు బంగారు తొడుగు, తలకు ఆలివ్ కొమ్మల కిరీటం. పిల్లనగ్రోవి ఊదుతూ ఊరి పొలిమేర దాకా వస్తారు. అప్పుడు యెరూషలేంలోని చేతిపనివాళ్లంతా లేచి నిలబడి, ఫలానా ఊరి అన్నదమ్ములారా, క్షేమంగా వచ్చారా అని పలకరిస్తారు. పని చేసుకుంటున్న మనిషి మహా పండితుడు ఎదురొచ్చినా లేవక్కర్లేదు, వీళ్లకు మాత్రం లేవాలి. గుడి కొండ దగ్గరికి చేరాక అగ్రిప్ప రాజైనా సరే, తన బుట్ట తానే భుజాన పెట్టుకోవాలి.

అక్కడ చదవాల్సిన పాఠం ఒకటి ఉంది, మా తండ్రి దిక్కులేని వలసమనిషి అని మొదలయ్యేది. మొదట్లో చదవడం వచ్చినవాళ్లు తామే చదివేవాళ్లు, రానివాళ్లకు పక్కనుండి అందించేవాళ్లు. దాంతో చదువు రానివాళ్లు సిగ్గుపడి రావడమే మానేశారు. అప్పుడు పెద్దలు నియమం మార్చారు: వచ్చినవాడికీ రానివాడికీ అందరికీ పక్కనుండి అందించాల్సిందే. ఎవరి నిరక్షరాస్యతా బయటపడదు.

మిష్నాలో ప్రథమఫలాల గురించిన ఇదే అధ్యాయాల్లో మనసు చివుక్కుమనిపించే నియమం కూడా ఉంది. కౌలుదారు ప్రథమఫలాలు తేలేడు, ఎందుకంటే నేల అతనిది కాదు. గుంటూరు జిల్లాలో కౌలుకు చేసే రైతు దీన్ని చదివితే ఏమనుకుంటాడో ఊహించుకోవచ్చు. మతం మారి వచ్చినవాడు పండ్లు తేవచ్చు గానీ, మా పితరులకు ఇస్తానన్న నేల అని చదవకూడదని కూడా మిష్నా అంటుంది. కానీ ధర్మశాస్త్రం అక్కడ ఆగలేదు. పన్నెండో శతాబ్దంలో ధర్మశాస్త్ర పండితుడు మైమోనిదెస్, అబ్రాహాము ఎన్నో జనాలకు తండ్రి, కాబట్టి కొత్తగా చేరినవాడు కూడా ఆ మాట ధైర్యంగా చదవొచ్చని తేల్చాడు. ఓబద్యా అనే మతాంతరుడికి రాసిన ఉత్తరంలో, మా పితరుల దేవా అని ప్రార్థించు, ఒక్క మాటా మార్చకు అని చెప్పాడు. గుడి కూలినా, యెరూషలేం పవిత్రత ఏ నాటికీ పోదని రాసినవాడు కూడా ఆయనే.

ఇప్పుడు ఆ పక్కన పెట్టిన ప్రశ్న. ఇజ్రాయెల్ 1950లో చేసిన చట్టం యూదులకు అక్కడికి వచ్చి స్థిరపడే హక్కు ఇచ్చింది. మణిపూర్, మిజోరం ప్రాంతాల్లో మనష్షే సంతతివారమని చెప్పుకునే బ్నే మెనాషేలను 2005లో అక్కడి సెఫార్దీ ప్రధాన రబ్బీ ష్లోమో ఆమార్ ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. వాళ్లు శాస్త్రోక్తంగా మతస్వీకారం చేసి వేల సంఖ్యలో వెళ్లారు. తెలుగు ఎఫ్రాయిమీయులకు అలాంటి గుర్తింపు రాలేదు. వీళ్లు ఇజ్రాయెల్ వెళ్లి బాగుపడటానికే ఇదంతా చేస్తున్నారని అనేవాళ్లు ఒక సంగతి మరిచిపోతున్నారు. మన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కుల హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. కాగితాల మీద యూదుడినని రాసుకున్న మాదిగ కుటుంబం ఆ రక్షణ వదులుకోవాల్సిందే. లాభం కోసమే అయితే ఇంతకంటే తేలికైన దారులు చాలానే ఉన్నాయి.

గుర్తింపు ఇవ్వాలా వద్దా అన్నది రబ్బీలు తేల్చాల్సిన విషయం. వాళ్లు ఏం తేల్చినా, శుక్రవారం సాయంత్రం దీపం వెలిగించి, పడమటికి తిరిగి, హీబ్రూ మాటలను తెలుగు నాలుకతో పలికే మనుషులు మన తెలుగు నేల మీదే ఉన్నారన్నది మాత్రం తేలిపోయిన విషయం. నా దృష్టిలో వాళ్లు హిజ్కియా పస్కాకు బయల్దేరిన ఎఫ్రాయిమీయుల లాంటివాళ్లు. శాస్త్రం కొలతకు సరిపోయారా లేదా అన్నదానికంటే, బయల్దేరారన్నది పెద్ద మాట.

చేబ్రోలులో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ గుడి చూడటానికి ఎక్కడెక్కడినుంచో జనం వెళుతుంటారు. ఈసారి వెళ్లినప్పుడు పక్కనే ఉన్న కొత్తరెడ్డిపాలెం కూడా వెళ్లండి. శనివారం వెళితే ఫోన్ జేబులోనే ఉంచుకోండి, ఆ రోజు ఫొటోలు అడగకండి. మీరు నిజమైన యూదులేనా అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఆ మాట వాళ్లు ఇప్పటికే చాలాసార్లు విన్నారు. ఏం చదువుతారు, ఏ పండుగ ఎలా చేస్తారు అని అడగండి.